ఏకాంతంలో తేరుకోవడం ఎలా?

ఉద్యోగం పోయాక, ఒక బంధం తెగిపోయాక, ఏళ్ళ తరబడి ఎవరినో చూసుకుంటూ అలసిపోయాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: “కొన్నాళ్ళు ఎవరికీ కనబడకుండా ఎక్కడికైనా పోవాలనుంది.” ఆ కోరికలో తప్పేం లేదు. కానీ అలా వెళ్ళినవాళ్ళలో కొందరు తేరుకుని వస్తారు, కొందరు ఇంకా కుంగిపోయి వస్తారు. వెళ్ళిన చోటు ఎంత బాగుందన్నదానికీ దీనికీ పెద్దగా సంబంధం ఉండదు. ఎంతసేపు ఉండాలి, అక్కడ ఏం చేయాలి, ఎప్పుడు తిరిగి రావాలి అన్నవి ముందే అనుకుని వెళ్ళినవాళ్ళు సాధారణంగా బాగుపడతారు. తలుపేసుకుని “చూద్దాంలే” అనుకున్నవాళ్ళే చిక్కుల్లో పడతారు.

ఇక్కడ చెప్పే పద్ధతికి కొండలూ అడవులూ అక్కర్లేదు. ఒక కుర్చీ, ఒక నోటుబుక్కు, మూసుకునే తలుపు, రోజుకి పదిహేను నిమిషాలు చాలు. వరసగా చేసుకుంటూ వెళ్ళండి. మధ్యలో ఏదైనా మీకు సరిపడకపోతే వదిలేయొచ్చు గానీ మొదటిదీ చివరిదీ మాత్రం దాటేయొద్దు.

1. ముందు ఒక్క ప్రశ్న

ఈ సాయంత్రం మీకు బాగా దగ్గరైన మనిషి ఫోన్ చేసి “వస్తావా?” అంటే మీకేమనిపిస్తుంది?

“ఈరోజు వద్దులే, ఆదివారం కలుద్దాం” అని మామూలుగా అనగలిగితే, ఆదివారం నిజంగానే వెళ్ళాలనిపిస్తే, మీరు కోరుకుంటున్నది ఏకాంతమే. ఈ పద్ధతి మీకోసమే. ఫోన్ మోగగానే గుండె దడదడలాడి, ఏ వంక చెప్పాలా అని వెతుక్కుంటూ, ఆదివారం కూడా ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామనిపిస్తే మీరు మనుషుల నుంచి దాక్కుంటున్నారు. అప్పుడు కూడా ఇది చేయొచ్చు, కాకపోతే సమయం పెంచుకుంటూ పోకూడదు. అసలు ఫోన్ చేసేవాళ్ళే లేరన్న దిగులు మీదైతే అది వేరే సంగతి. మీకు ఇంకొంచెం ఒంటరి సమయం ఇచ్చి ఎవరూ మేలు చేయలేరు. మీకు ముందు కావాల్సింది మనుషులు. నేరుగా తొమ్మిదో అంచెకి వెళ్ళి అక్కణ్ణుంచి మొదలుపెట్టండి.

ఇంకో హద్దు కూడా ఉంది. రెండు వారాలుగా రోజులో ఎక్కువ భాగం దిగులుగానే గడుస్తుంటే, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా మనసు పోకపోతే, నిద్రా తిండీ తారుమారైతే అది డిప్రెషన్ కావచ్చు. డాక్టర్లు గీత గీసేది కూడా ఆ రెండు వారాల దగ్గరే. చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగకండి. ఎవరికైనా చెప్పండి, పక్కన ఉండమనండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అలాంటి స్థితిలో ఉన్నవాళ్ళకి “కొన్నాళ్ళు ఒంటరిగా ఉండు, నీలోకి నువ్వు చూసుకో” అని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. మంచి మనసుతోనే ఇస్తారు. అయినా వినకండి.

దగ్గరివాళ్ళు పోయిన కొత్తలోనూ అంతే. చుట్టూ ఉన్న మనుషులు విసుగు తెప్పించినా సరే, మొదటి రోజుల్లో వాళ్ళని ఉండనివ్వండి. ఏకాంతం తర్వాతైనా దొరుకుతుంది.

2. పదిహేను నిమిషాలతో మొదలుపెట్టండి

చాలామంది చేసే పొరపాటు మొదటే వారం రోజులు ఎక్కడికో వెళ్ళిపోవడం. ఒంటరిగా ఉండడం అలవాటు లేని మనిషికి వారం చాలా పొడవు. పదిహేను నిమిషాలు చాలని ఊరికే అనడం లేదు. 2018లో తుయ్‌వీ న్యూయెన్, రిచర్డ్ రయన్, ఎడ్వర్డ్ డీసీ అనే మనస్తత్వ పరిశోధకులు సరిగ్గా ఈ పదిహేను నిమిషాలనే పరీక్షించి చూశారు. అంతసేపు ఒక్కరే కూర్చున్నవాళ్ళలో ఉద్రేకం తగ్గింది. ఇందులో ఒక మెలిక ఉంది: తగ్గింది కోపం, ఆందోళన మాత్రమే కాదు, హుషారు, ఉత్సాహం కూడా తగ్గాయి. అంటే ఏకాంతం వల్ల సంతోషం పొంగుకొస్తుందని ఆశించకూడదు. మంట తగ్గుతుంది, అంతే. ఆ తగ్గడం హాయిగా అనిపించాలంటే ఒంటరిగా ఉండడం మనం ఎంచుకున్నదై ఉండాలని కూడా వాళ్ళు గమనించారు.

దీన్ని బట్టి మనం చేయాల్సింది తేలిగ్గానే తెలుస్తుంది. ఎవరి మీదో ఒళ్ళు మండిపోతూ మెసేజ్ టైప్ చేస్తున్నప్పుడు పంపకుండా వెళ్ళి పదిహేను నిమిషాలు కూర్చోండి, అది పనిచేస్తుంది. నలుగురిలో హుషారుగా ఉండాల్సిన చోటికి బయల్దేరే ముందు మాత్రం కూర్చోకండి, నీరసంగా వెళ్తారు. “కూర్చుని లేచాక ఏమీ అనిపించలేదండీ” అంటే మంచిదే. ఏమీ అనిపించకపోవడం కూడా ఒక విశ్రాంతి.

వారానికి ఐదు రోజులు, వీలైతే ఒకే వేళకి. రెండో వారం ఇరవై నిమిషాలు, మూడో వారం అరగంట. రోజూ చేసేదానికి అరగంట దాటక్కర్లేదు. కాలు బెణికినప్పుడు కట్టు కట్టి కదపకుండా ఉంచుతాం, కానీ నెల తర్వాత కూడా మంచం దిగకపోతే కాలు ఇంకా బలహీనపడుతుంది కదా. ఇదీ అలాగే.

3. ఇంట్లోవాళ్ళకి చెప్పి కూర్చోండి

చెప్పకుండా తలుపేసుకుంటే మీరు అలిగారని అవతలివాళ్ళు అనుకుంటారు. పది నిమిషాల్లో తలుపు కొడతారు. మీరు విసుక్కుంటారు. ఉన్న ప్రశాంతత కూడా పోతుంది. అందుకే మూడు ముక్కల్లో చెప్పేయండి: “నాకు కోపం ఏం లేదు. ఏడింటి నుంచి ఏడుంబావు దాకా పిలవొద్దు. ఏడుంబావుకి నేనే వస్తాను.” మొదటి ముక్క వాళ్ళ టెన్షన్ తీరుస్తుంది, రెండోది హద్దు, మూడోది మాట. ఏడుంబావుకి నిజంగా వచ్చేయాలి. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మూడోసారి నుంచి ఎవరూ తలుపు కొట్టరు.

చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది ఇంత సులువు కాదు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే వంతులు వేసుకోవాలి. “ముందు నువ్వు పదిహేను నిమిషాలు, తర్వాత నేను” అని. పిల్లలు పడుకున్నాక కూర్చుందామనుకుంటే ముందు మీకే నిద్ర వచ్చేస్తుంది, వస్తే పడుకోండి. నిద్ర చాలని మనిషికి ఏకాంతం కన్నా నిద్రే ముఖ్యం.

విడిగా గది లేనివాళ్ళు గది కోసం చూడకండి. డాబా, మెట్లు, ఆపి ఉంచిన కారు, లైబ్రరీలో మూల బల్ల, పార్కులో బెంచీ, ఏదైనా ఒకటే. చుట్టూ తెలియని మనుషులు ఉంటే ఫరవాలేదు. అక్కడ మీతో ఎవరికీ పని లేకపోతే చాలు. (బాత్‌రూమ్‌లో ఫోన్ పట్టుకుని అరగంట కూర్చోవడం దీని కిందికి రాదు. చాలా ఇళ్ళలో మనిషికి దొరికే ఏకాంతం అదొక్కటేనని తెలుసు, అయినా రాదు.)

4. ఫోన్ ఇంకో గదిలో

జేబులో సైలెంట్‌లో పెట్టడం కాదు, బోర్లా తిప్పి పక్కన పెట్టడం కాదు. ఇంకో గదిలో పెట్టి రండి. చేయి చాచితే అందే చోట ఉన్నంతసేపు దాన్ని తీయకుండా ఉండడమే ఒక పని అవుతుంది. టైమ్ చూసుకోవడానికి మామూలు గడియారం, అలారం వాడండి. ఇంట్లో జబ్బు మనిషి ఉండి కాల్ తప్పకూడదనుకుంటే, ఆ ఒక్క నంబరుకే మోగేలా పెట్టి, లేచి వెళ్తే గానీ అందనంత దూరంలో ఉంచండి.

మొదటి వారం పాటలు కూడా వద్దు, పుస్తకం కూడా వద్దు. రెండూ మంచివే. కానీ చదువుతున్నంతసేపూ మనం వింటున్నది ఇంకొకరి ఆలోచనని. మీ ఆలోచన ఎలా ఉందో చూసుకోవడానికే కదా కూర్చున్నది. అలాగే, కూర్చున్న చోటుని ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టాలనిపిస్తుంది. పెడితే ఎంతమంది చూశారో చూడాలనిపిస్తుంది. ఆ తర్వాత సంగతి మీకే తెలుసు.

5. మొదటి రోజు ఏం జరుగుతుందంటే

కూర్చుంటారు. ఒక నిమిషం బాగానే ఉంటుంది. రెండో నిమిషంలో కట్టాల్సిన బిల్లు గుర్తొస్తుంది. మోచేయి దురద పెడుతుంది. చేయి దానంతటదే ఫోన్ ఉండే జేబు దగ్గరికి వెళ్తుంది, జేబు ఖాళీ. గోడ మీద గీత ఒకటి ఇదివరకు ఎప్పుడూ చూడలేదని గమనిస్తారు. ఐదు నిమిషాలైందనుకుని గడియారం చూస్తే మూడే అయ్యాయి. ఏడో నిమిషం ప్రాంతంలో, ఎక్కడినుంచో, ఆరేళ్ళ కిందట ఎవరో అన్న మాట ఒకటి వచ్చి గొంతుకి అడ్డం పడుతుంది. లేచి వెళ్ళిపోదామనిపిస్తుంది.

ఇది మీ ఒక్కరి బలహీనత కాదు. 2014లో తిమోతీ విల్సన్, ఆయన సహచరులు ‘సైన్స్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. మనుషుల్ని ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. గదిలో ఒక బటన్ ఉంది, నొక్కితే చిన్న కరెంట్ షాక్ కొడుతుంది. ఆ షాక్ ముందే ఒకసారి రుచి చూసి, “డబ్బులిచ్చి అయినా దీన్ని తప్పించుకుంటాం” అన్నవాళ్ళే అందరూ. అయినా 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో 6గురు, ఖాళీగా కూర్చోలేక ఆ బటన్ నొక్కుకున్నారు. ఏమీ తోచకపోవడం కన్నా షాకే నయమనిపించింది కాబోలు.

కాబట్టి మొదటి వారం మీరు చేయాల్సింది ఒక్కటే: అలారం మోగేదాకా లేవకపోవడం. ఆలోచనలు ఆపే ప్రయత్నం వద్దు. శ్వాస మీద ధ్యాస పెట్టడం అలవాటుంటే చేసుకోండి, లేకపోతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోండి. ఇది ధ్యానం కాదు, ఎవరూ మార్కులు వేయరు. గుర్తొచ్చిన పనులు నోటుబుక్కులో ఒక్కో మాటగా రాసుకుంటే (“బిల్లు”, “దర్జీ”) అవి మళ్ళీ మళ్ళీ వచ్చి పీక్కుతినవు. గొంతుకి అడ్డం పడ్డ మాట ఉంది చూశారూ, దాన్ని కూడా ఒక్క మాటగా రాసి పెట్టుకోండి. దాని పని రెండో వారంలో.

6. రెండో వారం: రాయండి

నా దృష్టిలో మొత్తం పద్ధతిలో అసలు పని జరిగేది ఇక్కడే. ఊరికే కూర్చుంటే మంట తగ్గుతుంది, కానీ చిక్కుముడి అలాగే ఉంటుంది. అది రాస్తే విడుతుంది.

జేమ్స్ పెన్నెబేకర్, శాండ్రా బీల్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో కాలేజీ విద్యార్థుల్ని వరసగా నాలుగు రోజులు, రోజుకి పదిహేను నిమిషాల చొప్పున రాయమన్నారు. తమని బాగా కలవరపెట్టిన సంఘటన గురించి, ఏం జరిగిందో, అప్పుడేమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్ళు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. తర్వాత ఈ పద్ధతి మీద వందకి పైగా పరిశోధనలు వచ్చాయి. అన్నీ కలిపి చూస్తే మేలు ఉంది కానీ చిన్నదే, అదీ అందరికీ కాదు. అయినా ఖర్చు లేదు, నాలుగు రోజుల పని. చేసి చూడడంలో నష్టం లేదు.

ఎలా రాయాలంటే: పెన్ను ఆపకుండా పదిహేను నిమిషాలు రాయండి. అక్షర దోషాలు, వాక్యాల పొందిక, దస్తూరీ ఏదీ పట్టించుకోవద్దు. ఇంకేం రాయాలో తోచకపోతే రాసిందే మళ్ళీ రాయండి. ఎవరికీ చూపించరు కాబట్టి మర్యాద కూడా అక్కర్లేదు. నాలుగు రోజులూ ఒకే విషయం రాసినా సరే, రోజుకొకటి రాసినా సరే. రెండు జాగ్రత్తలు మాత్రం గుర్తుంచుకోండి. రాసిన వెంటనే మనసు బరువెక్కుతుంది, ఆ 1986 విద్యార్థులకీ అలాగే అయింది. కాసేపట్లో తేలికపడుతుంది. అందుకని పడుకోబోయే ముందు గానీ, ముఖ్యమైన పనికి బయల్దేరే ముందు గానీ రాయకండి. ఒక విషయం తలుచుకుంటేనే తట్టుకోలేను అనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి. ఒంటరిగా రాయదగ్గది కాదది. నమ్మకమైన మనిషి దగ్గరో, కౌన్సెలర్ దగ్గరో చెప్పుకోవాల్సింది.

నాలుగు రోజులయ్యాక కాగితాలు తిరగేయండి. మొదటి రోజు పేజీలో “ఎందుకంటే”, “ఇప్పుడు అర్థమవుతోంది” లాంటి మాటలు ఎన్ని ఉన్నాయి, నాలుగో రోజు ఎన్ని ఉన్నాయి? ఇలాంటి మాటలు రోజు రోజుకీ పెరిగినవాళ్ళే ఎక్కువ బాగుపడ్డారని పెన్నెబేకర్ బృందం తర్వాత గమనించింది. నాలుగో రోజు కూడా మొదటి రోజు రాసిందే, అవే తిట్లతో, అదే వరసలో ఉంటే మీరు రాయడం లేదు, గానుగెద్దులా తిరుగుతున్నారు. కింది భాగం మీకోసం.

7. అక్కడక్కడే తిరిగే ఆలోచనని పట్టుకోండి

ఏకాంతంలో ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. సూసన్ నోలెన్-హోక్సెమా అనే పరిశోధకురాలు జీవితంలో చాలా భాగం దీని మీదే పనిచేశారు. దిగులుగా ఉన్నప్పుడు ఆ దిగులు గురించే పదే పదే తలపోస్తూ కూర్చునేవాళ్ళకి అది ఎక్కువ కాలం ఉంటుందని ఆమె చూపించారు. బయటికి చూస్తే ఇదీ ఆలోచించడంలాగే ఉంటుంది, అందుకే మోసపోతాం. గుర్తు పట్టడానికి ఒక చిట్కా: ఇరవై నిమిషాల కిందట లేని కొత్త ముక్క ఏదైనా ఇప్పుడు మీ దగ్గర ఉందా? ఒక కారణమో, ఒక ప్రశ్నో, చేయదగ్గ చిన్న పనో? ఉంటే అది ఆలోచన. ఏమీ లేకుండా “నాకే ఎందుకిలా” దగ్గర మొదలై “నాకే ఎందుకిలా” దగ్గరే ఆగితే అది తలపోత.

దాన్నుంచి బయటపడడానికి మీ గురించి మీరు పేరు పెట్టి రాసుకోండి, ఇంకొకరి గురించి రాసినట్టు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఈతన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, నలుగురి ముందు మాట్లాడే ముందు “నేను” అని కాకుండా సొంత పేరుతో తమతో తాము మాట్లాడుకున్నవాళ్ళు తక్కువ కంగారు పడ్డారు, అయిపోయాక దాని గురించి తక్కువ కుమిలారు.

మీ పేరు రమ అనుకోండి. నిన్నటి పేజీలో ఇలా ఉంది: “మీటింగ్‌లో నా పని వాడి పేరు మీద చెప్పుకున్నాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఎప్పుడూ ఇంతే. నేనొక చవటని.” ఇవాళ అదే సంగతి ఇలా రాయండి: “రమకి అంత కోపం ఎందుకొచ్చింది? నెల రోజులు కూర్చుని చేసిన పని కాబట్టి. మరి అప్పుడే ఎందుకు అనలేదు? అందరి ముందూ గొంతు వణుకుతుందేమోనని భయపడింది. ఇప్పుడు రమ ఏం చేయొచ్చు? మాట్లాడడం కష్టమైతే రెండు వాక్యాల మెయిల్ పెట్టొచ్చు.” చూడండి, “చవట” అనే మాట ఎక్కడికి పోయిందో. పక్కింటి రమ వచ్చి ఇదే చెప్పుకుంటే ఆమెని చవట అనం కదా, అందుకే మాయమైంది.

ఇదీ పనిచేయని రోజు లేచి నడకకి వెళ్ళండి. కూర్చుని ఉంటే వదలని ఆలోచన నడిస్తే కొంచెం సడలుతుంది. నడుస్తున్నప్పుడు కొత్త ఆలోచనలు ఎక్కువ వస్తాయని స్టాన్‌ఫర్డ్‌లో మరిలీ ఒపెజో, డేనియల్ ష్వార్ట్జ్ చేసి 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. బయట నడవాలనే లేదు, గోడకి ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే. ఇయర్‌ఫోన్స్ మాత్రం ఇంట్లో వదిలేసి వెళ్ళండి.

8. ఒక్కరే బయటికి వెళ్ళండి

మూడు వారాలు గడిచాక వారానికోసారో, రెండు వారాలకోసారో ఒక పూట మీకోసం తీసుకోండి. ఈసారి కూర్చోవడానికి కాదు, మీకేం ఇష్టమో తెలుసుకోవడానికి.

ఎక్కువ కాలం ఇతరుల అవసరాల చుట్టూ బతికినవాళ్ళకి “నీకేం కావాలి?” అంటే జవాబు రాదు. ఆ ప్రశ్న మరీ పెద్దది. దాన్ని చిన్నది చేసుకోండి. ఎవరి అభిప్రాయమూ అడగకుండా సినిమా ఎంచుకుని ఒక్కరే వెళ్ళండి. నచ్చకపోతే మధ్యలో లేచి రండి, పక్కన ఎవరూ లేరు కదా మొహమాటపడడానికి. మ్యూజియంలో ఒక్క బొమ్మ దగ్గరే అరగంట నిలబడండి. ఇదివరకు నేర్చుకుని వదిలేసింది ఏదైనా (వాయిద్యం, కుట్టు, చెస్) మళ్ళీ ముట్టుకుని చూడండి. ఇంటికి వచ్చాక రెండే రెండు వాక్యాలు రాసుకోండి: ఎక్కడ టైమ్ తెలియలేదు, ఎక్కడ విసుగేసింది. ఐదారు సార్లయ్యేసరికి ఆ వాక్యాలే మీకు జవాబు చెప్పడం మొదలుపెడతాయి.

“ఒక్కణ్ణే వెళ్తే బాగోదేమో, అందరూ చూస్తారేమో” అన్న బెరుకు చాలామందికి ఉంటుంది. రెబెకా హామిల్టన్, రెబెకా రాట్నర్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ బెరుకునే పరీక్షించి 2015లో ప్రచురించారు. ఒంటరిగా ఆర్ట్ గ్యాలరీకి వెళ్తే అంత సరదాగా ఉండదని జనం ముందు అనుకున్నారు. వెళ్ళి వచ్చాక చూస్తే, తోడుగా వెళ్ళినవాళ్ళకీ వాళ్ళకీ ఆనందంలో పెద్ద తేడా లేదు. నిజానికి మిమ్మల్ని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఒంటరిగా తిరగడం క్షేమం కాని చోటైతే మాత్రం అది బెరుకు కాదు, వివేకం. పగటిపూట, నలుగురూ తిరిగే చోటికి వెళ్ళండి.

పెద్ద నిర్ణయాలు (ఉద్యోగం మానేయడం, విడిపోవడం, ఊరు మారడం) ఈ రోజుల్లోనే తీసుకోవాలనిపిస్తుంది. ఏకాంతంలో వచ్చిన నిర్ణయం చాలా స్పష్టంగా, గొప్పగా కనిపిస్తుంది. రాసిపెట్టుకోండి. కనీసం రెండు మూడు వారాలు నలుగురి మధ్య తిరిగాక, మామూలు రోజున, మళ్ళీ తీసి చదవండి. అప్పుడూ అలాగే అనిపిస్తే మీ మేలు కోరే ఒక్కరితో మాట్లాడి ముందుకెళ్ళండి.

9. తిరిగి రావడం కూడా పనే

1934లో రిచర్డ్ బర్డ్ అనే అమెరికన్ నౌకాదళ అధికారి అంటార్కిటికాలో, మంచులో పూడ్చిన చిన్న గుడిసెలో, చలికాలమంతా ఒక్కడే ఉండడానికి వెళ్ళాడు. పని వాతావరణ పరిశీలనే అయినా, ఒంటరితనంలోని ప్రశాంతతని చవిచూడాలన్న కోరిక కూడా ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. లోపల స్టవ్, జనరేటర్ ఇంజిన్ వదిలే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు నెమ్మదిగా ఆయన ఒంటికెక్కి జబ్బు చేసింది. తనకోసం వచ్చేవాళ్ళు చీకట్లో, ఆ చలిలో ప్రమాదంలో పడతారని తన జబ్బు సంగతి దాచాడు. కానీ అనుకున్న వేళలకి రేడియోలో మాట్లాడే ఏర్పాటు ఒకటి ఉంది. ఆయన పంపే సందేశాలు తడబడుతున్నాయని ప్రధాన శిబిరంలోని వాళ్ళు పసిగట్టారు. ఆగస్టులో ముగ్గురు ట్రాక్టర్ మీద వచ్చి ఆయన్ని కాపాడారు.

మన గదిలో అంత ప్రమాదమేం లేదు. కానీ ఒక్క విషయం అక్కడా ఇక్కడా ఒకటే: లోపల ఉన్న మనిషికి తన పరిస్థితి పాడవుతోందని తెలియదు, తెలిసినా చెప్పడు. బయట ఒకరు గమనిస్తూ ఉండాలి. అందుకని ఇది మొదలుపెట్టే రోజునే ఒక మనిషిని ఎంచుకోండి. “ఈ నెల రోజులు నేను కొంచెం ఒంటరిగా గడుపుదామనుకుంటున్నాను. బుధ, ఆదివారాల్లో నీకు ఫోన్ చేస్తాను. చేయకపోతే నువ్వు చేయి. నా మాట తేడాగా అనిపిస్తే మొహమాటం లేకుండా చెప్పు” అనండి. అలా అడగడానికి మనిషే లేకపోతే, ముందు చిన్న చిన్న పరిచయాలు పెంచుకోండి. రోజూ ఒకే వేళకి పార్కుకి వెళ్తే ఎదురయ్యే ముఖం, వారంవారం కలిసే ఏదైనా క్లాసు, కొంతకాలంగా మాట్లాడని పాత స్నేహితుడికి ఒక మెసేజ్. ఒంటరిగా ఉండగలగడం కూడా పక్కన ఒక మనిషి ఉన్నాడన్న భరోసాలోనే పుడుతుందని బ్రిటిష్ బాలల వైద్యుడు, మనోవిశ్లేషకుడు డొనాల్డ్ వినికాట్ 1958లోనే రాశారు. తల్లి అదే గదిలో ఉంటే బిడ్డ తన మానాన తాను ఆడుకుంటాడు. ఆమె ఉందన్న నమ్మకమే ఆ ఆటకి బలం.

రోజూ అలారం మోగాక కూడా ఒక చిన్న పద్ధతి పెట్టుకోండి. నోటుబుక్కు మూయండి, ముఖం కడుక్కోండి, ఇంట్లో ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళి ఏదైనా మామూలు మాట మాట్లాడండి. లోపల జరిగిందంతా చెప్పక్కర్లేదు. “తలుపు తీశాను, వచ్చాను” అన్నట్టు ఉంటే చాలు.

ఎంత చాలు?

అందరికీ సరిపడే లెక్క లేదు. రీడ్ లార్సన్ అనే పరిశోధకుడు టీనేజర్ల చేతికి పేజర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఎక్కడున్నారో, ఎలా ఉందో రాయించాడు. అసలు ఒంటరిగా ఉండనివాళ్ళ కన్నా, ఎప్పుడూ ఒంటరిగానే ఉండేవాళ్ళ కన్నా, ఓ మోస్తరుగా ఉండేవాళ్ళే కుదురుగా ఉన్నారని తేలింది. ఒంటరిగా ఉన్నప్పుడు వాళ్ళ మూడ్ కొంచెం డల్‌గానే ఉండేది, మళ్ళీ నలుగురిలోకి వచ్చాక మెరుగయ్యేది. పెద్దవాళ్ళకీ కొలత ఇలాగే పెట్టుకోవచ్చు: బయటికి వచ్చాక మనుషుల మీద కొంచెం ఓపిక పెరిగితే మోతాదు సరిపోయినట్టు. వచ్చాక అందరూ ఇంకా చిరాగ్గా కనిపిస్తుంటే, ఆదివారం ఫోన్ రెండుసార్లు ఎగ్గొడితే, స్నానం, వంట, పడకవేళలు గాడి తప్పితే ఎక్కువైనట్టు. అప్పుడు సమయం సగానికి తగ్గించి, మిగిలిన సగం ఎవరితోనైనా గడపండి.

రాసిన కాగితాలు ఏం చేయాలి?

ఇది చాలామంది అడగడానికి మొహమాటపడే ప్రశ్న. ఎవరైనా చదువుతారన్న భయం ఉంటే నిజం రాయలేరు, కాబట్టి ముందే తేల్చుకోండి. తాళం వేసే చోటుంటే నాలుగు రోజుల కాగితాలు పోల్చి చూసుకునేదాకా దాచండి. లేకపోతే ఏ రోజువి ఆ రోజే ముక్కలు చేసి పారేయండి, రాసినందువల్ల వచ్చే మేలు ఎక్కడికీ పోదు. కానీ చింపే ముందు ఒక్క వాక్యం వేరే చోట ఎత్తి రాసుకోండి: ఇవాళ్టి పేజీలో తేలిన, రేపు చేయదగ్గ ఒక చిన్న పని. రెండు వాక్యాల మెయిల్ లాంటిది. ఏ పనీ తేలకపోతే ఆ రోజు తేదీ వేసి ఖాళీగా వదిలేయండి.